రెండో తెడ్డు

ఆయన్ని అందరూ సీలాయన అనేవారు. వృత్తి లిఫ్టులు బాగుచేయడం. ఊళ్ళో సగం లిఫ్టుల కడుపులో ఏముందో ఆయనకు తెలుసు. సొంతింట్లో, ముందు గదిలో, గోడ నిండా బారులు తీరిన ఆటల డబ్బాల్లో ఏముందో మాత్రం తెలియదు. ఎలా తెలుస్తుంది? ఒక్కటైనా విప్పితే కదా!

ఆటలంటే చదరంగాలూ క్యారమ్సూ అనుకునేరు. వీడియో గేములు. ఇప్పుడన్నీ గాల్లోంచే దిగుతున్నాయి, ఫోన్లోకో టీవీలోకో. పెట్టె ఉండదు, పుస్తకం ఉండదు, చేతికి తగిలేది ఏదీ ఉండదు. అమ్మే దుకాణం మూసేసిందా, ఆటా ఆవిరే. అది భరించలేనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళ కోసం ఆ గాల్లో ఆటను పాతకాలపు క్యాసెట్టులోకి ఎక్కించి, బొమ్మల అట్టపెట్టెలో పెట్టి, చిన్న పుస్తకం ఒకటి జతచేసి, కొద్ది కాపీలే వేసి, ఇంటికొక్కటే అని షరతు పెట్టి అమ్ముతారు. అయిపోతే మళ్ళీ వేయరు. కొనేవాళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని కాచుక్కూర్చుంటారు.

ఆ కొన్నవాళ్ళు మళ్ళీ రెండు రకాలు. ఇంటికి రాగానే చింపి ఆడుకునేవాళ్ళు ఒక రకం. పెట్టె మీద బిగుసుకున్న ఆ పల్చటి ప్లాస్టిక్ పొర, అదే సీలు, చిరగకుండా దాచుకునేవాళ్ళు రెండో రకం. సీలాయన రెండో రకంలో కూడా పైమెట్టు. ఒక్కో డబ్బాకూ అద్దంలాంటి గట్టి ప్లాస్టిక్ గూడు, ఆ గూడు వీపు గోడకి, మొహం మనకి. పైన దుమ్ము తుడవడానికి వేరే గుడ్డ, ఆ గుడ్డ పెట్టడానికి వేరే డబ్బా. పొర మీద గీత పడితే ఆయన గుండె మీద పడినట్టే. అందుకోసమే కాబోలు, గోళ్ళు మొదలంటా కొరికేసుకునేవాడు. ఆయన చేతులకి నారింజ తొక్క తీయడం కూడా చేతనయ్యేది కాదు.

ఆవిడ సంగతి చెప్పాలి. సీలాయన భార్య గాజు సామాన్ల దుకాణంలో ప్యాకింగు చేసేది. కప్పుల సెట్లూ పళ్ళేల సెట్లూ ప్లాస్టిక్ పొరతో చుట్టి, వేడిగాలి గన్నుతో బిగించడం ఆవిడ పని. ఎడమచేతి వాటం. ఆ చేతి నుంచి ఏ పొట్లం బయటికొచ్చినా కింద మూలన పొరను చిటికెడంత మడిచి వదిలేది. దాన్ని ‘చెవి’ అనేది. ఆ చెవి పట్టుకుని లాగితే పొరంతా ఒక్క ఊపున ఊడొచ్చేస్తుంది, కత్తెర అక్కర్లేదు. దుకాణంలో ఇంకెవరూ అంత శ్రమ పడరు. "విప్పేవాళ్ళని ఏడిపించడం దేనికి?" అనేది ఆవిడ. ఇంట్లోనూ అంతే. ఆయనకు కట్టిచ్చే రొట్టెల పొట్లానికి కూడా చెవి ఉండాల్సిందే.

కొన్నేళ్ళ కిందట ‘రెండు తెడ్లు’ అనే ఆట వచ్చింది. ఓ అమ్మాయి ఒక్కతే కూర్చుని తయారుచేసుకుంది. ఒక నది, ఒక పడవ, పడవలో ఇద్దరు. ఒకరికి ఎడమ తెడ్డు, ఇంకొకరికి కుడి తెడ్డు. కలిసి వేస్తే పడవ ముందుకెళ్తుంది, చెరో రకంగా వేస్తే గిరగిరా తిరిగి వెనక్కి కొట్టుకుపోతుంది. అంతే ఆట. గాల్లో దుకాణం దాన్ని తీసిపారేస్తే, ఆ అమ్మాయి తన గ్యారేజీలోనే కాసిని క్యాసెట్లు వేసి, చేత్తో చుట్టి అమ్మింది. అందులో ఒకటి సీలాయన ఇంటికొచ్చింది.

ఆవేళ ఆవిడ డబ్బా వెనక రాసింది చదివింది. "ఏవండీ, ఇది ఇద్దరాడే ఆటట. ఆడదామా?"

"అమ్మో! విప్పితే ఇంకేమన్నా ఉందా!" అని ఆయన డబ్బాను చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు.

"ఆడకపోతే అది ఆట ఎలా అవుతుందండీ?"

"నీకు తెలీదులే."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మగమహారాజుకి అదీ సుఖంగానే ఉంది. డబ్బాను గూట్లో పెట్టి, వీపు గోడకి తిప్పేశాడు.

ఇప్పుడు అసలు కథ. ఇలాంటి డబ్బాలు పోగేసేవాళ్ళకో సంఘం ఉంది. గ్రంథాలయం మేడ మీది హాల్లో కలుస్తారు. ఆ హాల్లో ఒక గాజు బీరువా ఉంది. ఏటా ఒకే ఒక్క తాకని డబ్బాను ఎంచి, యజమాని పేరు చెక్కిన పలకతో సహా ఏడాదంతా అందులో ఉంచుతారు. ఆ బీరువాలోకి ఎక్కాలని సీలాయన ఏళ్ళ తరబడి చకోరపక్షిలా చూస్తున్నాడు. ఈ ఏడాది ఆయన దశ తిరిగింది. ‘రెండు తెడ్లు’ కొన్నవాళ్ళంతా మంచి ఆట కదా అని చింపేసి ఆడేసుకున్నారు. సీలుతో ఉన్నది ఈయన దగ్గరిదొక్కటేనని తేలింది. ఇంక పరీక్షొక్కటే మిగిలింది. ఆట తయారుచేసిన అమ్మాయి కూడా ఆవేళ వస్తోంది.

ఆదివారం పొద్దున్న ఆయన తెల్లచొక్కా వేసుకుని, డబ్బాను గూడుతో సహా తువ్వాల్లో చుట్టుకున్నాడు. ఆవిడ రొట్టెల పొట్లం చేతిలో పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తీసుకెళ్ళక తప్పదంటారా?"

"అదేం మాటే? ఇన్నేళ్ళ నా కల!"

"గోడకున్నది గోడకే ఉంటే పోదూ. దారిలో ఏమన్నా అయితేనో?"

"ఒళ్ళో పెట్టుకుని వెళ్తా, పసిపిల్లని తీసుకెళ్ళినట్టు."

"వానొచ్చేలా ఉంది," అంది ఆవిడ చివరికి. బయట ఎండ చుర్రుమంటోంది. ఆయన నవ్వి, ఆవిడ భుజం తట్టి వెళ్ళిపోయాడు. తన మీద కొంచెం అసూయేమో పాపం, అనుకున్నాడు. మగవాళ్ళకి ఇలాంటి తెలివితేటలకేం కొదవ లేదు.

హాలు కిటకిటలాడుతోంది. పరీక్ష చేసేది భూతద్దం మాస్టారు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవారు. మెళ్ళో తాడుకి భూతద్దం, చేతులకి తెల్ల తొడుగులు. ఆయన గూడు తెరిచి, డబ్బాను బల్ల మీది మెత్తటి గుడ్డ మీద పెట్టి, ముందు మొహం చూశారు, బాగుంది. పక్కలు చూశారు, బాగున్నాయి. వీపు తిప్పారు.

"హుఁ," అన్నారు.

ఆ ‘హుఁ’ సీలాయనకు నచ్చలేదు. తాడు పనైపోయిన లిఫ్టు దగ్గర తనూ అచ్చం అలాగే అంటాడు.

"దీన్ని ఎవరో విప్పి మళ్ళీ చుట్టారయ్యా," అన్నారు మాస్టారు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సీలాయన గబగబా ముందుకొచ్చాడు. "అబ్బే! అవకాశమే లేదు మాస్టారూ. వచ్చిన రోజున గూట్లో పెట్టాను, ఇవాళే తీశాను. మధ్యలో ముట్టుకున్నవాళ్ళు లేరు!"

మాస్టారు ఆట తయారుచేసిన అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి వంగి చూసి, పెదవి కొరుక్కుంది. "నేను చుట్టే పొర అతుకు వీపు మధ్యలోకి నిలువుగా వస్తుందండీ. ఇదేమో అంచు మీదుంది. ఇది నేను చుట్టింది కాదు."

"అలాగా!" అన్నాడు వెనక బెంచీలోని పెద్దమనిషి ఒకడు. ఇలాంటివాడు ప్రతి హాల్లోనూ ఒకడుంటాడు, ఏం చేస్తాం. "ఆయనేమో ముట్టుకోలేదంటాడు. నువ్వేమో నేను చుట్టలేదంటావు. అంటే ఎవరో వెనక్కిచ్చేసిన డబ్బాని మళ్ళీ చుట్టించి కొత్తదని అంటగట్టావన్నమాట. వచ్చే నెల ఇంకో ఆట వేస్తున్నావుగా? వాటిల్లో ఎన్ని ఇలాంటివో!"

అమ్మాయి మొహం పాలిపోయింది. "ఒట్టండీ, నేనలా చేయలేదు," అంది. ఇద్దరు ముగ్గురు కొత్త ఆటకి పేరు రాయించుకున్నది మానుకుందామా అన్నట్టు మొహమొహాలు చూసుకున్నారు.

సీలాయనకీ ఒళ్ళు మండిపోయింది. ‘ఎంత పని చేశావు తల్లీ’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే మాస్టారు డబ్బా వీపున కింది మూల మీద భూతద్దం ఆనించి, "ఇదేంటిది, చిన్న చెవిలాగా వదిలారు?" అన్నారు.

సీలాయన వంగి చూశాడు.

కింద మూలన, చిటికెడంత మడత. చేతి సంచిలో ఉన్న రొట్టెల పొట్లానికున్నట్టే ఉంది.

ముందు ఆయనకు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. నా ఇంట్లో, నా వెనకాల, నా డబ్బా! తర్వాత ఒకటొకటే గుర్తొచ్చాయి. టీవీ కింద పాత ఆటల మిషను మీద కప్పిన గుడ్డ మీద ఎప్పుడూ దుమ్ము ఉండేది కాదు. తను ఎప్పుడైనా పని తొందరగా ముగించుకుని ఇంటికొస్తే, ఆవిడ మొహంలో ఏదో కంగారు, టీవీ తాకితే వెచ్చగా. ఇవాళ పొద్దున్నేమో, ఎండలో వాన. ఆ తర్వాత అన్నిటికన్నా పాత మాట గుర్తొచ్చింది. ‘ఏవండీ, ఆడదామా?’ అంటూ పైకెత్తిన ఆ మొహం. ‘నీకు తెలీదులే’ అన్నాక అది ఎలా వాడిపోయిందో అప్పుడు ఆయన చూడలేదు. ఇప్పుడు కనిపించింది.

కోపం ఎటు పోయిందో పోయింది.

"నేనే విప్పానండీ," అన్నాడు.

మాస్టారు భూతద్దం కిందికి దించారు.

"ఆ అమ్మాయినేమీ అనకండి. తను పంపినప్పుడు పొర చక్కగానే ఉంది. ఆడాలనిపించి విప్పాను. మళ్ళీ చుట్టించాను. ఇవాళ బీరువా మీద ఆశతో దాచాను. తప్పు నాది."

అలా చుట్టించిన డబ్బాను తాకనిదని తెచ్చినవాడికి ఆ గాజు బీరువా ఈ జన్మలో తెరుచుకోదు. సంఘం నియమం అది. సీలాయనకు తెలియదా? ఆ నియమానికి చెయ్యెత్తినవాళ్ళలో ఆయనా ఒకడు. మా ఆవిడ విప్పిందండీ అని ఉన్నదున్నట్టు చెప్తే పోయేదిగా అంటారేమో. చెప్తే అందరూ ఫక్కున నవ్వి, జాలిపడి వదిలేసేవారే. కానీ ఆవిడ చేతి మడతని దొంగసరుకులా బల్ల మీద పడేసి, నలుగురూ భూతద్దంతో గుచ్చి గుచ్చి చూస్తుంటే ఆయన నిలబడలేకపోయాడు. డబ్బాను గూట్లో పెట్టి తువ్వాల్లో చుట్టుకుని, తలకొట్టేసినట్టు అయినా తలెత్తుకునే నడిచి బయటికొచ్చాడు.

మెట్ల మీద అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకుంది. "బాబాయ్, ఒక్క మాట!"

ఆయన ఆగాడు. తిడుతుందేమో, తిట్టనీ అనుకున్నాడు.

"ఆట ఎలా ఉంది బాబాయ్?" అంది ఆ అమ్మాయి. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఇక్కడ అందరూ పెట్టె గురించే అడుగుతారు. అతుకు ఎక్కడ, అంచు ఎలా ఉంది అని. ఆట గురించి అడిగేవాళ్ళే లేరు. చివరి రేవు చేరారా?"

సీలాయన నీళ్ళు నమిలాడు. "ఇంకా లేదమ్మా."

"ఒక్కరికైతే కష్టమే. రెండోవాళ్ళు తెడ్డు వేయకపోతే పడవ ఆగిపోతుంది. అయితే భయం లేదు బాబాయ్, ఆపిన చోటు క్యాసెట్టులోనే గుర్తుంటుంది. ఎన్నాళ్ళైనా అక్కడే ఆగుతుంది. చేరాక నాకు చెప్తారా?"

"చెప్తానమ్మా," అన్నాడు ఆయన. మాటిచ్చేశాడు మరి.

బస్టాపులో కూర్చుని రొట్టెల పొట్లం బయటికి తీశాడు. చెవి పట్టుకుని లాగాడు. పొర ఒక్క ఊపున ఊడొచ్చింది. రోజూ ఇలాగే ఊడొస్తుంది. రోజూ తినేసి లేచిపోతాడు. గోళ్ళు లేని తన వేళ్ళకేసి ఆయన చాలాసేపు చూసుకున్నాడు. ఆకలేయలేదు. అయినా ఒక్క ముక్క కూడా వదలకుండా తిన్నాడు.

ఇంట్లో ఆవిడ పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. తాళం చప్పుడుకి వంటింట్లోకి వెళ్ళిపోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలెట్టింది.

"పెట్టారా బీరువాలో?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"లేదు."

"ఎందుకని?"

"చెవులున్న డబ్బాలు వాళ్ళకి పనికిరావట."

గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, కుర్చీలో కూలబడింది. "మీ పరువు తీసేశాను," అంది. ఏడ్చేసింది.

"పరువుకేం, నిక్షేపంలా ఉంది," అన్నాడు ఆయన. దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక్కటి చెప్పు. చెవి ఎందుకు వదిలావు? ఎవరో మళ్ళీ చుట్టారని మాత్రమే మాస్టారు తేల్చారు గాని, అది నువ్వేనని ఆ చెవి చూసే కదా నేను పట్టేసింది. దొంగపని చేసేవాళ్ళు ఇలా సంతకం పెట్టి వెళ్తారటే?"

"మీకు గోళ్ళుండవుగా," అంది ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ. "ఎప్పటికైనా మీకే విప్పాలనిపిస్తే... పీకలేక అవస్థ పడతారని."

సీలాయన తువ్వాలు విప్పాడు, గూడు తెరిచాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి జంకకుండా డబ్బాను ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. చెవి వెతుక్కుని, రెండు వేళ్ళతో పట్టి లాగాడు. పొర సర్రున ఊడి ఒళ్ళో పడింది. ప్రపంచం ఏమీ ములిగిపోలేదు. లోపలి నుంచి కొత్త అట్టవాసన వచ్చింది.

"అవునూ," అన్నాడు ఉన్నట్టుండి, గోడకేసి చూస్తూ. "ఇదొక్కటేనా? ఇంకేమన్నా...?"

ఆవిడ పైకప్పుకేసి చూసింది. "ఆ పై అరలో పాముల ఆట ఉందే, అదసలు బాగోలేదండీ. దండగ."

"ఏమిటీ?!"

"కింద వరసలో దయ్యాలది ఒక్కరోజే ఆడి మూసేశాను. నాకు భయం బాబూ. రైళ్ళ ఆట మాత్రం చాలా బాగుంటుంది, తెలుసా?"

ఆయన నోరు వెళ్ళబెట్టి గోడనంతా ఒకసారి చూశాడు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా. తర్వాత నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. కడుపు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తన ఇంట్లో ఏముందో తనకు తెలీదు గాని, ఆవిడకి అంతా తెలుసన్నమాట! ఆవిడ ముందు బిక్కమొహం వేసింది. తర్వాత తనూ నవ్వేసింది.

"పద," అన్నాడు. "ఆడదాం."

ఆవిడ మిషను మీద గుడ్డ తీసి, క్యాసెట్టు ఒక్కసారికే సరిగ్గా దూర్చేసింది. ఆయన రిమోటులాంటి ఆ బొత్తాల పలకను తలకిందులుగా పట్టుకుంటే, తిప్పి చేతిలో పెట్టింది. తెర మీద నది వచ్చింది. సాయంకాలపు వెలుగు, రెల్లుగడ్డి. పడవ చాలా దూరమే వచ్చేసింది. ఎదురుగా, ఇంకో రెండు తెడ్ల దూరంలో అన్నట్టు, దీపాలు పెట్టిన రేవు కనిపిస్తోంది.

"ఇంతదూరం ఎలా వచ్చావే? ఇది ఇద్దరి ఆట అన్నావుగా?"

"ఒక పలక ఎడం చేతిలో, ఇంకోటి కుడి చేతిలో. ఎన్నిసార్లు గిరగిరా తిరిగిపోయానో."

"మరి రేవు ముందుదాకా వచ్చి ఆగిపోయావేం?"

"అదీ నేనొక్కదాన్నే చేరిపోతే, మీకింకేం మిగులుతుంది?" అంది ఆవిడ.

పడవలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. తల మీద పేర్లు. అక్షరం అక్షరం వెతుక్కుని ఆవిడే పెట్టింది. ఎడమ తెడ్డు పట్టుకున్న బొమ్మ మీద ‘నేను’ అని ఉంది. కుడి తెడ్డు బొమ్మ మీద ‘ఏవండీ’ అని ఉంది. ఆ రెండో బొమ్మ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. తెర అడుగున ఒక వాక్యం మెల్లగా వెలిగి ఆరుతోంది.

*ఏవండీ కోసం పడవ ఆగి ఉంది.*

సీలాయనకు తెర మసకబారింది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "ఎన్నాళ్ళబట్టే ఇలా?" అన్నాడు.

"పోనీండి ఇప్పుడెందుకు. ఆ గుండ్రటి బొత్తం నొక్కండి. మెల్లగా. నాతోపాటు."

ఆయన నొక్కాడు. గట్టిగా, లిఫ్టు బొత్తం నొక్కినట్టు నొక్కాడు. పడవ గిరగిరా తిరిగి, ప్రవాహానికి దొరికి, వచ్చిన దారినే వెనక్కి కొట్టుకుపోయింది. రేవు దీపాలు చిన్నవైపోయి, రెల్లుగడ్డి వెనక్కి వెళ్ళిపోయాయి.

"అయ్యయ్యో! నీ కష్టమంతా పాడుచేశానే!"

"ఏం పర్లేదండీ," అంది ఆవిడ, ఆయన భుజానికి భుజం ఆనించి. "మళ్ళీ వెళ్దాం."

తెర అడుగున ఆ వాక్యం లేదు. ఆయన ఈసారి ఆవిడ చేతికేసి చూస్తూ, ఆవిడ నొక్కినప్పుడే నొక్కాడు.